సిన్సియర్లీ, లస్కరు అంకారావు

చెన్నమ్మ చూపుడు వేలితో మరలు లెక్కపెడుతోంది.

ఏడో తూము మీద సిమెంటు దిమ్మె ఉంది. దాని మధ్యలోంచి నిలువెత్తు ఇనప కడ్డీ, కడ్డీ నిండా మరలు. హ్యాండిల్ తిప్పితే కడ్డీ పైకొస్తుంది. దాంతోపాటు నీళ్ళ అడుగున ఉన్న షట్టరూ లేస్తుంది. నాలుగు మరలు లేపితే ఈ తూము కింది పొలాలకు వాటా నీళ్ళు. అంతకు మించి లేచిన ప్రతి మరా కాలవ చివరనున్న అడుగుపాలేనికి చేరాల్సిన నీళ్ళు.

"తొమ్మిది... పది... పదకొండు." చెన్నమ్మ వేలికంటిన గ్రీజును కొంగుకు కాక, అంకారావు భుజం మీది తువ్వాలకు తుడిచింది. "పదకొండు మరలు. ఏం అల్లుడూ, మీ ఇంట్లో పెళ్ళా?"

ఈ తూములు ఎత్తి దించే లస్కరు అంకారావు గ్రీజు డబ్బా మూత బిగిస్తూ కూర్చున్నాడు. తలెత్తలేదు. "అడుగుపాలెం నుంచి ఇంత దూరం నడిచొచ్చావా అత్తా?"

"నీళ్ళు రావట్లేదు గదా, నేనే నీళ్ళ కాడికి వచ్చా. ఆరు రోజులైంది. పాలుపోసుకునే వరి. గింజ నొక్కితే పాలు రావాల. ఊక వస్తంది." ఆమె కట్ట మీద నుంచి కిందికి చూసింది. తూము కింద త్రికోటేశ్వరరావు గారి ఇరవై ఎకరాలు. మడిలో నీళ్ళు గట్లు దాటి పొర్లుతున్నాయి. "ఆయన చేలో కప్పలు ఈదుతున్నయ్. నా చేలో నెర్రెలిచ్చింది. ఎవరు లేపమన్నారు?"

అంకారావు డబ్బా పక్కన పెట్టాడు.

"ఆ హ్యాండిల్ నీ చేతిలోనే ఉంటది గదా."

"చేతిలోనే ఉంటది అత్తా."

"మరి?"

అప్పుడే కట్ట మీద లూనా చప్పుడైంది. వర్క్ ఇన్‌స్పెక్టరు శేషగిరిరావు. చెన్నమ్మను చూసి బండి దూరంగానే ఆపాడు. రమ్మన్నట్టు అంకారావుకు తల ఊపాడు.

"ముందు దాన్ని దించు. నాలుగు మీద పెట్టు," అన్నాడు గొంతు తగ్గించి. "అడుగుపాలెం వాళ్ళు అర్జీ పెట్టారు. గురువారం డి.ఇ. గారు ఎంక్వైరీకి వస్తున్నారు, కాలవ బంగళాకి."

"మీరు చెప్తేనేగా సార్ లేపింది."

"నేను చెప్పానని కాగితం ఉందా?"

లేదు. పద్నాలుగేళ్ళుగా ఏ రోజూ కాగితం లేదు. ఎత్తమంటే ఎత్తడం, దించమంటే దించడం. ఈ కాలవ మీద పని అంతా నోటి మాట మీదే నడుస్తుంది. తిప్పే మనిషి మరలు గట్టిగా లెక్కపెడతాడు, చెప్పిన మనిషి 'చాలు' అంటాడు. ఆ రోజు 'చాలు' అన్నది శేషగిరిరావే. పదకొండో మర దగ్గర అన్నాడు.

శేషగిరిరావు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. "ఇది గురజాలలో టైపు కొట్టించుకురా. బస్టాండు దగ్గర సైకిల్ షాపు మేడ మీద. నా పేరు చెప్పు. గురువారం డి.ఇ. గారి ముందు సంతకం పెట్టు. వార్నింగుతో వదిలేస్తారు. పర్మినెంటు లిస్టు వచ్చే సోమవారం గుంటూరు పోతుంది. నీ పేరు అందులో పదమూడోది. గొడవలో ఉన్నోడి పేరు లిస్టులో ఉండదు. అర్థమైందా?"

"ఇందులో ఏముంది సార్?"

"ఏముంటది? తప్పైపోయింది, క్షమించండి అని. నువ్వు నా తమ్ముడి లాంటోడివి, నీకు చెడు చేస్తానా?"

లూనా వెళ్ళిపోయింది. అంకారావు హ్యాండిల్ బిగించి తిప్పడం మొదలుపెట్టాడు. కడ్డీ కిందికి దిగుతోంది. అలవాటుగా మరలు గట్టిగానే లెక్కపెట్టాడు. 'చాలు' అనడానికి చెన్నమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె నాలుగు దగ్గర ఏమీ అనలేదు. అతనే ఆగాడు.

"ఇప్పుడు దించితే నా వడ్లు మళ్ళీ పాలుపోసుకుంటయ్యా?" అని, చెప్పులు చేతబట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గురజాలలో మేడ ఎక్కేసరికి ఎనిమిది టైపు మిషన్లు ఒకేసారి మోగుతున్నాయి. ఆడపిల్లలు, మగపిల్లలు గోడకేసి కూర్చుని ఒకే వరుస మళ్ళీ మళ్ళీ కొడుతున్నారు. చివరి మిషను ముందు ఖైరున్నీసా. ఇరవై రెండేళ్ళుంటాయి. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేది ఆమే.

"శేషగిరిరావు గారు పంపారు," అన్నాడు అంకారావు.

"కూర్చో బాబాయ్." చిత్తు కాగితం అందుకుని, రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పెట్టి, రోలరు తిప్పింది. వేళ్ళు పరుగెత్తాయి. కళ్ళు మాత్రం చిత్తు కాగితం మీదున్నాయి. మూడో వరుసలో ఒకచోట ఆమె చిత్తు వైపు చూడలేదు. కిటికీలోంచి బస్టాండును చూస్తూనే ఆ మాట కొట్టేసింది. తొమ్మిది దెబ్బలు, గుక్క తిప్పుకోకుండా.

తూము మీద పనిచేసే వాడికి చేతులు చూడడం అలవాటు. "అదేంది తల్లీ, చూడకుండానే కొట్టావు?"

ఖైరున్నీసా నవ్వింది. "ఏది? ఇదా? సిన్సియర్లీ. ఈ నెలలో ఇట్టాంటి కాగితం ఇది నాలుగోది బాబాయ్. మీ కాలవోళ్ళవే. పేర్లు మారతయ్, తూము నంబరు మారద్ది, ఈ మాట మారదు."

"అంతా చదివి చెప్పు. తెలుగులో."

ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత మెల్లగా చదివింది. "అంకారావు అనే నేను, ఏడో తూము లస్కరును, పైఅధికారులకు తెలియకుండా, నా సొంత నిర్ణయం మీద షట్టరు లేపాను. అందుకు సిన్సియర్లీ చింతిస్తున్నాను. క్షమించ ప్రార్థన."

"పైఅధికారులకు తెలియకుండా," అన్నాడు అంకారావు.

"అట్టాగే ఉంది."

"సరే. ఆ సిన్సియర్లీ అంటే?"

ఆమె టక్కున చెప్పబోయి ఆగింది. రోజుకు ఇరవైసార్లు కొట్టే మాట. సెలవు చీటీల్లో, ఉద్యోగం దరఖాస్తుల్లో, అన్నిటి చివరా. ఎవరూ అర్థం అడగలేదు. కార్బను అంటిన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంది.

"కడుపులో ఏముందో నోట్లో అదే ఉండడం బాబాయ్. లోపల ఒకటి దాచిపెట్టుకుని పైకి ఇంకోటి చెప్పకపోవడం. నేను చెప్పేది నా మనసులోంచి వస్తంది, కావాలంటే తెరిచి చూసుకోండి అని."

"ఆ మాటకి ఇంత అర్థముందా?"

"అర్థమైతే ఉంది. ఎవరూ వాడరు." కాగితం రోలరులోంచి లాగి ఇచ్చింది. "సంతకం కింద, ఎడం పక్కన."

ఆ సాయంత్రం కట్ట మీది క్వార్టర్సులో భార్య నాగులమ్మ అతని ఖాకీ చొక్కాకు గుండీ కుడుతోంది. రేకుల కప్పు, ఒకే గది, ముందు వరండా. పద్నాలుగేళ్ళుగా ఇదే ఇల్లు. డిపార్టుమెంటు ఇల్లు. పని ఉంటేనే ఇల్లు.

"పెట్టు," అంది నాగులమ్మ దారం పంటితో తెంపుతూ. "ఒక్క సంతకం. వేలు అరిగిపోద్దా?"

"నేనే లేపానని రాశారు."

"లేపింది నువ్వే గదా."

"ఆయన చెప్తే."

"ఆయన చెప్పినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు? అప్పుడు అడగనోడివి ఇప్పుడెందుకు ఆరా?" ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. "పర్మినెంటు అయితే పెద్దదాన్ని హాస్టల్లో వెయ్యచ్చు. కాకపోతే ఈ గిన్నెలు నెత్తిన పెట్టుకుని యాడికి పోదాం? మా అన్న క్వారీకా? రాళ్ళు కొట్టే వయసా నీది?"

అతను కాగితం చేతిలో పట్టుకుని ఆ మాటను వెతికాడు. ఇంగ్లీషు చదవలేడు. కానీ మూడో వరుసలో ఎక్కడుందో ఖైరున్నీసా గోరుతో గీసి చూపించింది. ఆ గోరు గుర్తు అలాగే ఉంది.

బుధవారం మధ్యాహ్నం త్రికోటేశ్వరరావు గారే వచ్చారు. రావడమంటే కాలవ కట్ట మీద జీపు ఆపి, వరండాలో మంచం మీద కూర్చుని మజ్జిగ అడగడం. నాగులమ్మ రెండు చేతులా గ్లాసు అందించి లోపలికి వెళ్ళింది.

"ఏరా అంకారావూ, కాగితం రెడీనా?"

"రెడీ అయ్యా."

"శేషగిరి చెప్పాడు, ఏదో మాట దగ్గర నలుగుతున్నావని. ఏంది ఆ మాట?"

శేషగిరిరావుకు ఎలా తెలిసింది? గురజాల మేడ మీద ఎనిమిది మిషన్లు. ఎవడో విని మోశాడు.

"సిన్సియర్లీ అయ్యా."

ఆయన మజ్జిగ మీసానికి అంటేలా నవ్వారు. "ఓరి పిచ్చోడా! మా చిన్నదాని పెళ్ళికి శుభలేఖలు పంచాం గుర్తుందా? బంధుమిత్రుల ఆగమనాభిలాషి అని కొట్టించాం. వెయ్యి కార్డులు. అందరూ నిజంగా వస్తే అన్నం చాలుద్దా? ఎవరూ రావాలని గాదు, అట్టా రాయాల, అంతే. ఇదీ అంతే."

"అంతేనా అయ్యా."

"లిస్టులో నీ పేరు పదమూడో నంబరు. ఎవడు పెట్టించాడో తెలుసా?" గ్లాసు మంచం కింద పెట్టి లేచారు. "పేరు పెట్టించినోడికి తీయించడం ఎంతసేపు? నేను ఆ మాట అనను. నువ్వూ అనిపించకు."

జీపు వెళ్ళాక అంకారావు తూము మీదికి వచ్చాడు. గ్రీజు పూయడానికి ఏమీ లేదు, అయినా పూశాడు. నాలుగు మరలు. ఒక్కొక్క మర చుట్టూ వేలు తిప్పుతూ ఒకటే ఆలోచన. కాగితంలో ఉన్న అబద్ధం వాళ్ళది. వాళ్ళు రాసుకున్నారు, వాళ్ళు మోసుకుంటారు. తను చేసేది సంతకం. కూలివాడు వేలిముద్ర వేసినట్టు. కానీ ఆ ఒక్క మాట అట్టా కాదు. అది తన కడుపు తెరిచి చూపిస్తానని చెప్తోంది. తెరిస్తే అక్కడ ఏముంది? శేషగిరిరావు గొంతు. చాలు, చాలు, చాలు.

ఒక దారి కనిపించింది. చిన్నది. షట్టరు కింద కప్పపిల్ల దూరేంత సందు.

గురువారం పదకొండింటికి డి.ఇ. గారు వచ్చారు. ముప్పై ఐదు దాటని ఇంజినీరు. కాలవ బంగళా ముందు గదిలో బల్ల, రెండు కుర్చీలు. బయట వరండాలో అడుగుపాలెం వాళ్ళు ఐదుగురు కింద కూర్చున్నారు. ముందు వరసలో చెన్నమ్మ. కొంగు చివర ఎండిన వరికంకి ముడేసి తెచ్చింది.

లోపల శేషగిరిరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అంకారావు బల్ల ముందు. ఖాకీ చొక్కాకు పైగుండీ దాకా పెట్టుకున్నాడు.

డి.ఇ. కాగితం చదివి పెన్ను మూత తీశాడు. "దీంట్లో ఉన్నదంతా నీకు తెలుసా?"

"తెలుసు సార్. చెప్పించుకున్నా."

"ఎవరి బలవంతం లేదుగా?"

శేషగిరిరావు దగ్గాడు.

"సార్," అన్నాడు అంకారావు. "అందులో ఒక మాట తీసేస్తే సంతకం పెడతా."

డి.ఇ. తలెత్తాడు. "ఏ మాట?"

"మూడో వరసలో. గోరుతో గీసి ఉంటది. సిన్సియర్లీ."

శేషగిరిరావు మొహంలో ముందు కంగారు, తర్వాత నవ్వు. "వీడికి చాదస్తం సార్. తీసేస్తే ఏం పోయింది. మిగతాదంతా ఉందిగా."

డి.ఇ. అతని వైపు చూడలేదు. "ఎందుకు తీసేయాలి?"

"మిగిలిందంతా మీ డిపార్టుమెంటు రాసుకుంది సార్. ఆ మాటొక్కటే నాది అవుద్ది. నాది నేను అక్కడ పెట్టలేను."

డి.ఇ. కాగితం మళ్ళీ చదివాడు. ఏదో అడగబోయినట్టే కనిపించాడు. చేతి గడియారం వంక చూసుకున్నాడు. ఇవాళే ఇంకా మూడు తూములు, మూడు కాగితాలు. ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, కాగితం తిప్పి ముందుకు తోశాడు.

అంకారావు సంతకం పెట్టాడు. తెలుగులో, గుండ్రంగా, ఐదో క్లాసులో నేర్చుకున్నట్టు.

"వార్నింగ్. వెళ్ళు."

అంతే. ఇంత తేలికా! లిస్టు పదిలం. రేకుల ఇల్లు పదిలం. ఆ మాటా పదిలంగా తన దగ్గరే ఉంది. గుమ్మం దాటుతుంటే పైగుండీ తీసి గాలి పీల్చుకున్నాడు.

అతని భుజం పక్క నుంచి శేషగిరిరావు వరండాలోకి దూసుకొచ్చాడు. "లేవండమ్మా, లేవండి. ఎంక్వైరీ అయిపోయింది. లస్కరే ఎవరికీ చెప్పకుండా లేపానని ఒప్పుకున్నాడు. సంతకం కూడా పెట్టాడు. ఇంక ఆఫీసు మీద పడకండి."

చెన్నమ్మ లేవలేదు. తల తిప్పి అంకారావును చూసింది. మొన్న తూము మీద అన్ని మాటలన్నప్పుడు కూడా ఆమె అతన్ని అట్టా చూడలేదు.

"నువ్వేనా?" అంది. "నీ అంతట నువ్వేనా అబ్బాయ్? ఎవడో చెప్తే తిప్పావనుకున్నా. ఊళ్ళో అందరూ నిన్ను తిడతా ఉంటే, వాడు ఉత్త చెయ్యేరా, తలకాయ వేరే ఉందిరా అని నేనే సర్ది చెప్పి వీళ్ళను తీసుకొచ్చా."

ఏం చెప్పాలి? ఒక మాట కొట్టేయించానని చెప్పాలా? కాగితంలో ఏ మాట లేదో ఎవరు చూస్తారు? ఉన్న మాటలే చదువుతారు. అవన్నీ ఇప్పుడు తనవే. సందులోంచి బయటపడ్డాననుకున్నాడు. షట్టరు వెనక దిగింది. ముందు మరొకటి ఉంది.

చెన్నమ్మ కొంగు ముడి విప్పి వరికంకిని వరండా గట్టు మీద పెట్టింది. ఇంక ఎవరికీ చూపించనక్కర్లేదన్నట్టు.

అంకారావు వెనక్కి తిరిగాడు.

డి.ఇ. ఫైలు కట్టుకుంటున్నాడు. "ఏంటి మళ్ళీ?"

"సార్, ఆ కొట్టేసిన మాట తిరిగిచ్చేయండి."

"ఏంటి?"

"ఆ మాట ఉంచండి. దాని ముందు రాసింది తీసేయండి."

శేషగిరిరావు పరుగున వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, పిచ్చి పట్టిందా? సోమవారం లిస్టు పోద్దిరా. పద్నాలుగేళ్ళురా!"

"శేషగిరిరావు గారూ, మీరు బయట ఉండండి," అన్నాడు డి.ఇ.

"సార్, వీడు..."

"బయట."

తలుపు దగ్గరికి వేసుకున్నాక డి.ఇ. ఫైలు ముడి విప్పాడు. సంతకం పెట్టిన కాగితం పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీశాడు. బల్ల మీద పెట్టాడు కానీ దాని మీది చెయ్యి తీయలేదు.

"ముందే చెప్తున్నా. దీని మీద నువ్వు రాస్తే నీ పేరు లిస్టులో ఉంటుందని నేను మాట ఇవ్వలేను. పై వాళ్ళు వేరే ఉన్నారు. ఈ కాగితం ఎంత దూరం పోతుందో కూడా నాకు తెలియదు. ఆలోచించుకో."

"మొన్న సోమవారం నుంచి ఆలోచిస్తానే ఉన్నా సార్."

డి.ఇ. చెయ్యి తీశాడు.

అంకారావు నిలబడే వంగి రాశాడు. రోజూ నీటిమట్టం గేజీ అంకెలు వేసే చెయ్యి. మాటలు రాసి చాలా కాలమైంది. పదిహేడో తారీకు వర్క్ ఇన్‌స్పెక్టరు శేషగిరిరావు గారు చెప్తే ఏడో తూము పదకొండు మరలు లేపాను. త్రికోటేశ్వరరావు గారి పొలానికి. ఆరు రోజులు దించలేదు.

పెన్ను ఆగింది. ఇంతవరకూ ఉన్నదంతా వేరేవాళ్ళ తప్పు. కడుపులో ఇంకా ఉంది. అది తీయకుండా ఆ మాట ఎట్టా పెడతాడు?

చివర చేలు ఎండుతాయని నాకు తెలుసు. తెలిసే తిప్పాను. చెన్నమ్మ వరి నా చేతుల మీదుగా ఎండింది.

"ఆ మాట ఇంగ్లీషులో రాసివ్వండి సార్. చూసి దింపుకుంటా."

"తెలుగులో రాయొచ్చుగా?"

"నాకు ఆ మాట దగ్గరే అర్థమైంది సార్. దాన్నే పెడతా."

డి.ఇ. పాత మెమో అంచున పెద్ద అక్షరాలతో రాశాడు. అంకారావు ఒక్కొక్కటే చూసి దింపాడు. ఒకటి రాసి ఆగాడు, రెండోది రాసి ఆగాడు. మరలు లెక్కపెట్టినట్టు పెదాలు మాత్రం కదిలాయి. తొమ్మిది. అలవాటు కొద్దీ ఎవరో 'చాలు' అంటారని ఒక్క క్షణం చూశాడు. ఎవరూ అనలేదు. దాని కింద సంతకం పెట్టాడు.

వరండాలోకి వచ్చేసరికి శేషగిరిరావు చెయ్యి చాచి నిలబడ్డాడు. మాట్లాడలేదు. అంకారావు నడుముకు దోపుకున్న హ్యాండిల్ తీసి ఆ చేతిలో పెట్టాడు. పద్నాలుగేళ్ళుగా ఒరుసుకున్న చోట చొక్కా మీద నల్లటి గ్రీజు మరక మిగిలింది.

మెట్ల కింద చెన్నమ్మ ఒక్కతే ఆగి ఉంది. "ఏం రాశావ్ మళ్ళీ లోపలికి పోయి?"

చెప్పాడు. రాసింది రాసినట్టే, ఏదీ వదలకుండా.

"తెలిసే తిప్పావా?"

"తెలిసే తిప్పా అత్తా."

చెన్నమ్మ మళ్ళీ వరండా మెట్టెక్కింది. గట్టు మీద పెట్టిన వరికంకిని మళ్ళీ తీసి కొంగున ముడేసుకుంది.

"నీ కాగితంతో నా చేను లేవదు."

"లేవదు."

"మీ ఆవిడకి చెప్పావా?"

"ఇంకా లేదు." దూరంగా కట్ట మీద క్వార్టర్సు రేకులు ఎండకు మెరుస్తున్నాయి. వరండాలో నాగులమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది.

"రేపు నర్సరావుపేట పోతన్నాం, ఆర్డీవో కాడికి. ఏడింటి బస్సు. ఇక్కడ చెప్పింది అక్కడ గూడా చెప్తావా?"

"చెప్తా."

చెన్నమ్మ అతన్ని కిందా మీదా చూసింది. చూపు గ్రీజు మరక దగ్గర ఆగింది. "ఈ ఖాకీతోనా?"

"ఉన్నది ఇదొక్కటే అత్తా."

"అయితే పోయి ఇప్పుడే ఉతుకు," అంది చెన్నమ్మ, చెప్పులు చేతబట్టుకుంటూ. "పొద్దుటికల్లా ఆరాలిగా."